కుట్టిన చేతికి పేరు, విలువ, దారి: ఖతీఫ్‌లో కూడిన తెలుగు స్త్రీల సభ తీర్మానం

సౌదీ అరేబియా తూర్పు తీరంలోని ఖతీఫ్, తారూత్, సైహాత్, సఫ్వాల నుంచి, పక్కనున్న దమ్మామ్, జుబైల్‌ల నుంచి వచ్చి ఈ శుక్రవారం ఒకచోట కూడిన తెలుగు స్త్రీల సభ, దుస్తుల రూపకల్పన రంగంలో స్త్రీల స్థానం గురించి చర్చించి ఈ తీర్మానాన్ని ఆమోదించింది. సభకు వచ్చినవారిలో ఎక్కువమంది జాకెట్లు కుట్టేవాళ్లు, మగ్గం వర్క్ చేసేవాళ్లు, పిల్లలకు పట్టు పావడాలు, లంగా ఓణీలు కుట్టేవాళ్లు. మిగిలినవాళ్లు నర్సులు, టీచర్లు, ఇల్లు చూసుకునేవాళ్లు, అంటే కుట్టించుకునేవాళ్లు. ఇరుపక్షాలూ ఎదురెదురుగా కూర్చున్నాయి కాబట్టి మొహమాటాలకు తావు లేకపోయింది. అది మంచిదే అయింది.

ముందుగా, ఏ పని గురించి మాట్లాడుతున్నామో ఈ సభ నమోదు చేయదలచింది. ఒక పెళ్లి జాకెట్టునే తీసుకుంటే, ఆది జాకెట్టు పెట్టి కొలతలు దించాలి. ఆది ఇచ్చిన మనిషి రెండేళ్ల కిందటి ఒళ్లుతో లేదు. భుజం దగ్గర ఎంత వదలాలో, చంక దగ్గర ఎంత పట్టాలో కంటితోనే తేల్చుకోవాలి. చీర అంచు చూసి మెడ ఎంత లోతు దించాలో, చేతి మీద నెమలి వేయాలో మామిడిపిందె వేయాలో నిర్ణయించాలి. బొమ్మను బటర్ పేపర్ మీద గీసి, గీత వెంట సూదితో సన్నగా చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన జింక్ పొడిని గుడ్డతో రుద్దితే బొమ్మ బట్ట మీదికి దిగుతుంది. తర్వాత బట్టను చట్రానికి బిగించి, కింది నుంచి ఒక చెయ్యి దారం అందిస్తుంటే పైనున్న చెయ్యి ఆరీ సూదితో దాన్ని పైకి లాగుతుంది. మెడ గుండ్రం దగ్గర పూసలు అంచుకు మరీ దగ్గరగా పోతే, తర్వాత మిషన్ మీద కుట్టు వేసేటప్పుడు సూది విరుగుతుంది. అందుకని ముందే కుట్టుకు ఖాళీ వదలాలి. కుందన్ ఎక్కడ, జర్దోసి ఎక్కడ, ఏ రంగు దారం పక్కన ఏ రంగు అన్నది ఏ కాగితమూ చెప్పదు. ఇవన్నీ ఆ మనిషి బుర్రలోంచి వచ్చిన నిర్ణయాలు. జాకెట్టు పెళ్లిలో మెరుస్తుంది, ఫోటోల్లోకి ఎక్కుతుంది. నిర్ణయాలు చేసిన మనిషి ఊసు మాత్రం ఎక్కడా ఉండదు. ఈ సభ ఫిర్యాదు అదే.

ఇది ఖతీఫ్‌లో పుట్టిన ఫిర్యాదు కాదని ఈ సభకు తెలుసు. మన నర్సాపురం లేసు చరిత్ర చూస్తే చాలు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల చేతుల మీదుగా గోదావరి తీరానికి వచ్చిన ఆ అల్లిక తరాల తరబడి ఇళ్లలోనే సాగింది. గడప దాటితే పరువు పోతుందనుకున్న ఇళ్లలో లేసు సరైన పని అయింది. వంట, పిల్లలు, పశువులు అన్నీ చూసుకున్నాక మిగిలిన గంటల్లో ఆడవాళ్లు అల్లారు. ఆ లేసు సముద్రాలు దాటి ఐరోపా బల్లల మీద పరుచుకుంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడ ఉండి పరిశోధించి 1982లో ప్రచురించిన పుస్తకం ఒక నిజాన్ని గట్టిగా చెప్పింది: అల్లేవాళ్లు స్త్రీలు, ఎగుమతి చేసి లాభపడేవాళ్లు మగవాళ్లు, అల్లేవాళ్లను ఖాళీ సమయంలో కాలక్షేపం చేసే గృహిణులుగా చూశారు కాబట్టే కూలి అంత తక్కువగా ఉండగలిగింది. ఆ పుస్తకం వచ్చి నలభై ఏళ్లు దాటింది. సభలో ఉన్న నర్సాపురం ప్రాంతపు ఆడపడుచులు ఆ విషయం వింటూ, ఇది మా అమ్మమ్మ కథే అన్నారు. ఆ మాటను కూడా ఇక్కడ నమోదు చేస్తున్నాం.

చేనేతలోనూ ఇదే వరస. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత, అనుబంధ పనుల్లో ఉన్న 35 లక్షల మందికి పైగా జనంలో 70 శాతానికి పైగా స్త్రీలే. అయినా మన ఊళ్లలో నేతగాడు అంటే గుంట మగ్గంలో కూర్చున్న మగమనిషే గుర్తొస్తాడు. కండెలు చుట్టినది, ఆసు పోసినది, పోచంపల్లిలో చిటికి కట్టినది ఎవరో ఎవరూ అడగరు. ఆసు పోయడం అంటే మేకుల చుట్టూ నూలును అటూ ఇటూ తిప్పడం. రోజుకు రెండు చీరలకు పోయాలంటే చెయ్యి దాదాపు 18 వేలసార్లు ఆడాలి. తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసి దానికి తల్లి లక్ష్మి పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నేత సామగ్రిలో ఒక స్త్రీ పేరు మోస్తున్న వస్తువు అదొక్కటే మాకు గుర్తొచ్చింది. అది కూడా కొడుకు ప్రేమ వల్ల నిలిచిన పేరు. పనిచేసినందుకు పరిశ్రమ ఇచ్చిన పేరు కాదు.

విశాఖ దగ్గర అచ్యుతాపురం దుస్తుల పార్కులో కుట్టు మిషన్ల ముందు కూర్చునేవాళ్లు ఎక్కువమంది ఆడపిల్లలే. అక్కడ వాళ్లకు నెల జీతం ఉంది, గుర్తింపు కార్డు ఉంది. ఆ మేలు చిన్నది కాదు. కానీ కుట్టే బట్ట రూపం వేరే దేశంలో వేరేవాళ్ల బల్ల మీద తయారై వస్తుంది.

బయటి దేశాల్లో అంతా సవ్యంగా ఉందని ఎవరైనా అనుకుంటే అదీ నిజం కాదు. 1946లో మొదలైన క్రిస్టియన్ డియోర్ సంస్థ ఆడవాళ్ల బట్టలతోనే పేరు తెచ్చుకుంది. దాని సృజన బాధ్యతలు తొలిసారి ఒక స్త్రీకి, మరియా గ్రాజియా కియూరీకి, దక్కింది 2016లో. డెబ్బై ఏళ్లు పట్టింది. అమెరికాలో 1953లో జాక్వెలిన్ కెనెడీ పెళ్లి గౌను కుట్టిన ఆన్ లో నల్లజాతి స్త్రీ. ఆ గౌను ప్రపంచమంతా చూసింది, ఆమె పేరు మాత్రం ఆనాటి ప్రజలకు తెలియలేదు. వీటి మధ్య మాకు ధైర్యమిచ్చిన ఉదాహరణ ప్యారిస్‌కు చెందిన మదలైన్ వియోనేది. తన నమూనాలను దొంగిలించి కుట్టేవాళ్లతో విసిగి, ఆమె 1920లలో ప్రతి దుస్తుల లేబుల్ మీద తన బొటనవేలి ముద్ర వేసింది. తన దగ్గర కుట్టే స్త్రీలకు జీతంతో కూడిన సెలవులు, ప్రసూతి సెలవు, వైద్యం ఏర్పాటు చేసిన మనిషి కూడా ఆమే. పేరు కోసం పోరాడినవాళ్లు తోటివాళ్ల అన్నం గురించి కూడా ఆలోచించగలరని ఆమె చూపించింది.

ఇక మేమున్న ఈ దేశం సంగతి. గత పదిహేనేళ్లలో ఇక్కడ వచ్చిన మార్పును కళ్లారా చూసినవాళ్లు సభలో ఉన్నారు. ఒకప్పుడు ఆడవాళ్ల బట్టల దుకాణాల్లో వేసుకుని చూసుకునే గదులు ఉండేవి కావు. లోదుస్తులు అమ్మేది కూడా మగవాళ్లే. జెద్దాలో ఫైనాన్స్ బోధించే రీమ్ అసద్ అనే ఆమె దీని మీద ప్రచారం నడిపారు. 2011లో రాజాజ్ఞ వచ్చింది, 2012 జనవరి నుంచి ఆ దుకాణాల్లో అమ్మకానికి స్త్రీలు నిలబడ్డారు. 2018 ఏప్రిల్‌లో రియాద్‌లో జరిగిన అరబ్ ఫ్యాషన్ వీక్‌కు స్త్రీలనే రానిచ్చారు, కెమెరాలకు అనుమతి లేదు. 2020లో సాంస్కృతిక మంత్రిత్వశాఖ కింద ఫ్యాషన్ కమిషన్ ఏర్పడింది. 2023 అక్టోబరులో మొదటి రియాద్ ఫ్యాషన్ వీక్ ప్రపంచం చూస్తుండగా జరిగింది. ఆ కమిషన్ 2023లో ఇచ్చిన నివేదిక లెక్కన దేశంలో ఫ్యాషన్ రంగంలో 2,30,000 మంది పనిచేస్తున్నారు, వారిలో 52 శాతం స్త్రీలు. అర్వా అల్ బనావీ, రీమ్ అల్ కన్హల్ వంటివాళ్లు తమ పేర్లతోనే దుస్తులు అమ్ముతున్నారు. 2023లో జోర్డాన్ యువరాజు పెళ్లికి ముందు హెన్నా వేడుకలో వధువు రజ్వా అల్ సైఫ్ వేసుకున్న దుస్తులు ఎవరు రూపొందించారని ప్రపంచం అడిగితే, హునైదా సెరఫీ అని ఒక సౌదీ స్త్రీ పేరు వినిపించింది.

ఈ తూర్పు తీరానికి బట్టతో ఉన్న బంధం పాతది. ఇక్కడి స్త్రీలు వేడుకల్లో వేసుకునే నషల్ థోబ్ పలుచటి బట్ట మీద నిండా బంగారు జరీ పనితో ఉంటుంది. దాన్ని దగ్గరగా చూసిన మా మగ్గం పనివాళ్లకు అదేమీ పరాయిదిగా అనిపించలేదు. దక్షిణాన ఉన్న అల్ అహ్సా బిష్త్ అనే జరీ అంచు పైఅంగీలకు ప్రసిద్ధి. ఆ ప్రాంతాన్ని 2015లో యునెస్కో హస్తకళల సృజన నగరంగా గుర్తించింది. తారూత్ దీవిలోని దారీన్ రేవుకు పూర్వం హిందూదేశం నుంచి కస్తూరి వచ్చేది. మన మచిలీపట్నం కలంకారీ గోల్కొండ కాలంలో పర్షియా రేవులకు వెళ్లేది. ఈ సముద్రం మీద మన బట్ట ఎప్పటినుంచో తిరుగుతోంది, బట్టతోపాటు చేసినవాళ్ల పేర్లు మాత్రం రాలేదు.

ఈ దేశపు స్త్రీలకు తెరుచుకున్న తలుపులు మాకు తెరుచుకోలేదు. ఇది నింద కాదు, స్థితి. మాలో ఎక్కువమంది భర్త ఇఖామా (నివాస అనుమతి) మీద ఆశ్రితులుగా ఉన్నాం. మా కార్డు మీద పనికి అనుమతి లేదని అరబీలో అచ్చేసి ఉంటుంది. ఇంట్లో కుట్టుకుని అమ్ముకునే సౌదీ స్త్రీలకు ఉత్పాదక కుటుంబాల పేరుతో ప్రభుత్వ ప్రోత్సాహం, సామాజికాభివృద్ధి బ్యాంకు సాయం ఉన్నాయి. బోధన వంటి కొన్ని పనులకు ఆశ్రితులకు అజీర్ అనే పని అనుమతి దొరికే పద్ధతి ఉంది. సూదికి, కత్తెరకు అలాంటి దారి మాకు కనిపించలేదు. 2017 జూలైలో ఆశ్రితుల మీద నెలకు 100 రియాళ్ల రుసుము మొదలై, ఏటా పెరుగుతూ 2020 జూలైకి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటి మీద అది ఏడాదికి 14,400 రియాళ్లు. ఆ బరువు మోయలేక ఎన్నో తెలుగు కుటుంబాలు ఇంటిదారి పట్టాయి. పదేళ్లు ఇక్కడ నేర్చుకున్న పనిని ఆ స్త్రీలు కడపకో, కాకినాడకో, కరీంనగర్‌కో తీసుకువెళ్లారు. చేతిలో పని ఉంది. పని వచ్చునని చెప్పే కాగితం ఒక్కటీ లేదు.

పై విషయాలన్నీ పరిశీలించి, ఈ సభ ఇందుమూలంగా తీర్మానించేదేమనగా:

మొదటి సంగతి పేరు. ఉగాదికి, సంక్రాంతికి, బతుకమ్మకు మనం జరుపుకునే వేడుకల్లో పిల్లల నాట్యానికి, నాటకానికి బట్టలు రూపొందించి కుట్టిన స్త్రీల పేర్లు ఇకమీదట కార్యక్రమ పత్రంలో అచ్చవ్వాలి, వేదిక మీద చదవాలి. డబ్బిచ్చిన దాతల పేర్లు ఎంత పెద్దగా ఉంటే ఇవీ అంతే పెద్దగా ఉండాలి. ఒకరు వేసిన మగ్గం డిజైన్ ఫోటో తీసి మరొకరికి ఇచ్చి, ఇలాగే వేసిపెట్టు అనే అలవాటు మానాలి. వేయించుకోవాలనుకుంటే మొదట వేసినవాళ్లను అడగాలి, వాళ్ల పేరు చెప్పాలి. ఇదే నియమం మాకూ వర్తిస్తుంది: నషల్ థోబ్ పనినో, అల్ అహ్సా జరీ పనినో చూసి నేర్చుకుని జాకెట్టు మీదికి తెచ్చుకుంటే, అది ఎవరి కళో చెప్పే తెచ్చుకోవాలి. మహానటి సినిమా దుస్తులకు జాతీయ పురస్కారం ప్రకటించినప్పుడు హైదరాబాద్ డిజైనర్ అర్చనా రావు పేరు కూడా ఆ ప్రకటన పత్రంలో ఉంది కాబట్టే ఈ రోజు మా పిల్లలకు ఆమె పేరు చెప్పగలుగుతున్నాం. పత్రంలో లేనిది పదేళ్లకు ఎవరికీ గుర్తుండదు.

విలువ గురించి చర్చ చాలాసేపు సాగింది. మజూరీ ధరల పట్టిక ఒకటి ఖాయం చేయాలని కొందరు పట్టుబట్టారు. ఈ సభ దానికి ఒప్పుకోలేదు. అనుమతి లేకుండా ఇక్కడ కూలికి పనిచేయడం చట్ట ఉల్లంఘన. దొరికితే జరిమానా, దేశం నుంచి పంపివేత. ఒక జాకెట్టు కోసం ఒక కుటుంబం బతుకును పణంగా పెట్టమని ఈ సభ ఎవరికీ చెప్పదు. అయితే డబ్బు తీసుకునే వీలు లేదు కాబట్టి పని ఉచితంగా చేసిపెట్టి తీరాలని ఏ చట్టమూ అనలేదు. 'నువ్వు ఇంట్లోనే కదా వదినా, రెండు రోజుల్లో కుట్టిపెట్టేయ్' అనే మాట ఇక ఈ సమాజంలో చెల్లదని ఈ సభ ప్రకటిస్తున్నది. కాదనే హక్కు కుట్టేవాళ్లది. కాదన్నందుకు ఎవరూ మూతి ముడవకూడదు, పేరంటాలకు పిలవడం మానకూడదు. బట్ట అవసరమైనవాళ్లు లైసెన్సు ఉన్న దుకాణానికి వెళ్లాలి. అక్కడ పొద్దున్నుంచి రాత్రి దాకా మిషన్ తొక్కే మన తెలుగు సోదరులకు అడిగిన మజూరీ ఇవ్వాలి. అరబ్బు ఇంటివాళ్లు ఇచ్చే ధర ఇవ్వకుండా, మనవాడివే కదా అని బేరమాడటం కూడా ఈ సభకు ఇష్టం లేదు.

ధరల పట్టికకు బదులు ఈ సభ ఒక పుస్తకాన్ని నిర్ణయించింది. కుట్టే ప్రతి స్త్రీ ఇవాళ్టి నుంచి ఒక నోటుబుక్కు పెట్టుకోవాలి. ఒక్కో పనికి ఒక పేజీ. బొమ్మ గీసిన బటర్ పేపరు ముక్క, పూర్తయిన దుస్తుల ఫోటో, వాడిన దారం, పూసలు, లైనింగ్ వివరం, పట్టిన గంటలు, తేదీ. ఇంటికి పెట్టుకున్నదైనా, పాప పుట్టినరోజుకు కుట్టినదైనా రాయాలి. రాయడం రానివాళ్లకు మిగతావాళ్లు రాసిపెట్టాలి. ఈ బాధ్యతను సభలోని టీచర్లు తీసుకున్నారు. రేపు ఊరికి వెళ్లి షాపు పెట్టుకోవాలన్నా, బ్యాంకులో అప్పు అడగాలన్నా, ఏదైనా బొటిక్‌లో చేరాలన్నా ఆ పుస్తకమే ముందు మాట్లాడాలి. గంటలు రాసుకుంటేనే మజూరీ ఎంత అడగాలో తెలుస్తుంది. ఎన్ని గంటలు పోశామో మనకే తెలియనంతకాలం ఎవరో చెప్పిన ధరకు తలూపుతూనే ఉంటాం. నర్సాపురంలో జరిగింది అదే.

ప్రభుత్వాలను అడిగేది ఇది. పని నేర్చిన చేతికి పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇచ్చే రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లర్నింగ్ పద్ధతి కేంద్ర ప్రభుత్వ నైపుణ్య పథకంలో ఉంది. తూర్పు ప్రాంతంలో ఉన్న భారతీయ స్త్రీలకు కుట్టు, ఎంబ్రాయిడరీ, నమూనా రూపకల్పనలలో ఆ పరీక్షలు ఇక్కడే జరిపే ఏర్పాటు చేయాలని రియాద్‌లోని భారత రాయబార కార్యాలయాన్ని కోరుతున్నాం. సూదిపని, రూపకల్పన పనులకు కూడా ఆశ్రితులకు అజీర్ అనుమతి ఇచ్చే విషయాన్ని సౌదీ అధికారులతో మాట్లాడాలని అదే కార్యాలయాన్ని వినయంగా అభ్యర్థిస్తున్నాం. ఆడవాళ్లు పనిచేసే తీరును ఇంత వేగంగా మార్చుకున్న దేశం ఈ విన్నపాన్ని చెవిన పెడుతుందని మాకు నమ్మకం ఉంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలను కోరేది, తిరిగొచ్చిన స్త్రీకి డ్వాక్రా సంఘాల్లో వెంటనే చోటు దొరికేలా చూడాలని. ఏళ్ల తరబడి ఊళ్లో లేకపోవడం వల్ల ఆమె పేరు ఏ సంఘంలోనూ ఉండదు. సంఘం లేకపోతే అప్పు లేదు. విదేశాలకు పనివాళ్లను పంపే ఓంక్యాప్, టామ్‌కామ్ సంస్థలు కుట్టుపని తెలిసిన స్త్రీలను ఎప్పుడైనా గల్ఫ్‌కు పంపితే, ఒప్పందం తెలుగులో చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. 1995 నుంచి హైదరాబాద్‌లో ఉన్న ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్, ఇంటి నుంచి చదువుకునే వీలున్న చిన్న కోర్సులను తెలుగులో నడపాలి. నమూనా గీయడం తెలిసి ఇంగ్లీషు రాని స్త్రీలు మా సభలోనే సగానికి పైగా ఉన్నారు.

ఇళ్లలో కుట్టి, అల్లి బతికేవాళ్లను కార్మికులుగా గుర్తించే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక 1996లోనే వచ్చింది. భారతదేశం ఇంకా దాన్ని ఆమోదించలేదు. ఆమోదించాలి.

ఇంటి మగవాళ్లకు ఒక మాట. మిషన్ పెట్టుకునేందుకు కిటికీ పక్కన వెలుతురున్న చోటు ఇవ్వండి. ఆ గంటల్లో పిల్లలను చూడండి. ఇంజనీరింగ్ సీటుకు లక్షలు కట్టడానికి సిద్ధపడే తల్లిదండ్రులు, కూతురు ఫ్యాషన్ డిజైన్ చదువుతానంటే టైలరింగ్‌కు అంత చదువు ఎందుకని అడగకూడదు. ఈ ప్రశ్న ఎదుర్కొన్న పన్నెండో తరగతి పిల్లలు ఇద్దరు సభలో లేచి మాట్లాడారు. వాళ్ల మాటలు విన్నాక తల్లులు సమాధానం చెప్పలేకపోయారు.

ఈ తీర్మానాన్ని సభ ఆమోదించింది. ధరల పట్టిక కోరినవారి అసమ్మతి వారి మాటల్లోనే దీనికి జతచేయబడింది. ప్రతులను రియాద్‌లోని భారత రాయబార కార్యాలయానికి, రెండు తెలుగు రాష్ట్రాల ప్రవాస వ్యవహారాల విభాగాలకు, హైదరాబాద్ నిఫ్ట్‌కు, తూర్పు ప్రాంతంలో పండుగ వేడుకలు నిర్వహించే తెలుగు సంఘాలన్నింటికీ పంపాలి. రాబోయే ఉగాదికి ముందు సభ మళ్లీ కూడుతుంది. అప్పుడు ప్రతి ఒక్కరూ తమ నోటుబుక్కు వెంట తేవాలి.